గాజుల లక్ష్మీనరసు శెట్టియు క్రెసెంటు పత్రికయు

క్రీ. శ. 1844 అక్టోబరు 2వ తేదీని చెన్నపట్టణమున ‘క్రెసెంటు’ అను నింగ్లీషు వార్తాపత్రిక యొకటి వెలువడెను. దాని యజమాని గాజుల లక్ష్మీనరసు శెట్టి యను తెలుఁగు వర్తకుఁడు. నీలిమందును బట్టలును ఆతని వ్యాపారము. ఆతనికి ప్రభుత్వమున నే యధికారమును లేదు. దేశీయులు కూర్చుండి మాటలాడఁదగిన శాసనసభ నాఁటికి బుట్టలేదు. ఓటు అను మాటను ఎవరును ఎఱుఁగరు. అట్టి కాలమున నొక వర్తకుఁడు తన సొంత సొమ్ముతో బత్రికను నిలిపి, దాని మూలమున నొక ప్రజాభిప్రాయమును గూర్చి, దానిని సముద్రము దాఁటించి పార్లమెంటులో వినిపింపఁగలిగెను. ఆ కార్య మే విధమున సాగెనో, దానివలన రైతునకు గలిగిన ఫల మెంతయో విచారింపఁదగియున్నది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతముల చరిత్రకు నీ చెన్నపట్టణపు వృత్తాంతము పరాయిది గాదు. ‘రాయలసీమ’ యను పేరు 1928లో నంద్యాలలో వ్యాప్తికి వచ్చినది; దానికి బూర్వము నూఱేండ్లకు బైగా ఈ సీమ దక్షిణభాగము ఉత్తరార్కాటు జిల్లాలోనిది. ఆర్కాటు నవాబునుండి 1801లో కుంఫిణీవారి చేతికి వచ్చినది మొదలు 1911 ఏప్రిలు 1వ తేదీని చిత్తూరు జిల్లా యేర్పడు దాఁక చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి, కాళహస్తి, కార్వేటినగరము అన్నియు నా జిల్లాలోనివే; చిత్తూరే దానికి ముఖ్యపట్టణము. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపనుండి వచ్చి తరువాత జేరినవి. చిత్తూరు కలెక్టరు కచ్చేరిలో న్యాయము దొరకని రైతు చెన్నపట్టణపు రెవెన్యూబోర్డునకు అర్జీ పెట్టుకొనవలెను. అచ్చటను దొరకకున్న గవర్నరుగారి కౌన్సిలు, ఆ మీఁద లండనులోని డైరెక్టర్ల సభ. ఇన్ని మెట్లెక్కినను ఆ యర్జీ తఱచుగా విచారణకై యెవనిమీఁద వ్రాయఁబడెనో యా యధికారి కచ్చేరికే మరలి వచ్చుచుండెను.

అర్జీ, మహజరు అను రెండు కచ్చేరి మాటలకును గల భేద మిచ్చట గమనింపఁదగినది. అర్జీ యొక్కని మొఱ. అది యా యొక్కనికిని కచ్చేరికిని నడుమ నడచు వ్యవహారము. మహజరు పెక్కురు చేవ్రాళ్లు చేసి సమర్పించునది. దానిని త్రోసివేయుట యంత సులభము గాదు. అయినను మహజరు కూడ విన్నపమే కాని ఋజువు కాదు. లక్ష్మీనరసు శెట్టి జీవితములోని ప్రధానకార్యము అర్జీలను మహజరుగను, మహజరును సాక్ష్యముగను మార్చుట. పత్రిక యందుల కుపకరణ మయ్యెను. ఈ క్రమమును మఱచి ఆతనిని ‘పత్రికాధిపతి’ యని మాత్రము పొగడుట ఆతని పనిని దక్కువగా నెంచుటయే.

చెన్నపట్టణమున దొలి వార్తాపత్రిక ‘మద్రాసు కొరియరు’ 1785లో బుట్టినది. తరువాత నేఁబదియేండ్లు పత్రికలు ప్రభుత్వము దయాదాక్షిణ్యముల మీఁద బ్రదికినవి. 1835లో మెట్కాఫు కాలమున వచ్చిన 11వ చట్టము ముద్రాపకుఁడును బ్రకటనకర్తయు దమ పేరును ముద్రణస్థానమును దెలియఁజేసిన జాలునని విధించి యా బంధమును సడలించెను. దాని వెంటనే తెలుఁగున గూడ గదలిక కలిగినది. 1838లో మండిగల వేంకటరామశాస్త్రి ‘వృత్తాంతిని’ని, 1842లో పువ్వాడ వేంకటరావు ‘వర్తమానతరంగిణి’ని చెన్నపట్టణముననే స్థాపించిరి. కాని ప్రభుత్వపు బల్లమీఁద బడునవి ఇంగ్లీషు పత్రికలు. అవి దొరల వర్తకమునకు సంబంధించినవో, మిషనరీలవో. హిందువుల పక్షము జెప్పు ఇంగ్లీషు పత్రికకు జోటు ఖాళీగా నుండెను.

లక్ష్మీనరసు శెట్టి 1806లో చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టియు వర్తకుఁడే. కాలేజీలు లేని కాలము గావున ఆతని చదువు స్వల్పము; వ్యాపారములోనే బుద్ధి పదునెక్కెను. తండ్రి తరువాత వ్యాపారమును వృద్ధిచేసి చాల ధనము గడించెను. ఆతని యౌవనమునందే పట్టణమున బ్రజాకార్యములకు నొక త్రోవ యేర్పడుచుండెను. 1839 నవంబరులో ఉన్నతవిద్యాలయము గావలెనని కోరుచు 70,000 మంది చేవ్రాళ్లతో నొక మహజరు గవర్నరు ఎల్‌ఫిన్‌స్టన్ ప్రభువునకు సమర్పింపఁబడెను. దానిని నడపినవాఁడు అడ్వొకేటు జనరలు జార్జి నార్టను. ఫలముగా 1841లో ఉన్నతపాఠశాల తెఱవఁబడెను. పెక్కుచేతులు గలసినచో ప్రభుత్వము చెవి యొగ్గునని పట్టణవాసులు తెలిసికొన్న దప్పుడే. అయితే ఆ మహజరు వేఁడుకొన్నది; తప్పుపట్టలేదు. తప్పుపట్టవలసిన యవసరము తరువాతి నాలుగైదేండ్లలో వచ్చెను.

ఆ యవసరమునకు గారణము మతవిషయము. కుంఫిణీవారు దేవాలయముల నిర్వాహములో జేయి పెట్టి విగ్రహారాధనను బోషించుచున్నారని ఇంగ్లండులోని క్రైస్తవసంఘములు చిరకాలముగా నాందోళనము చేయుచుండెను. దానికి లొంగి కుంఫిణీ ప్రభుత్వము దేవాలయములనుండి తొలఁగెను. తిరుమల శ్రీవేంకటేశ్వరాలయము 1801 మొదలు కుంఫిణీ యధికారుల పాలననుండి, 1843లో హాథీరాంజీమఠపు మహంతు సేవాదాసుగారి వశమయ్యెను. 1933లో దేవస్థాన సంఘ మేర్పడు వఱకు మహంతుల విచారణలోనే యుండెను. దేవాలయమును విడిచిపెట్టుట యొక్కటియే యైనచో హిందువులకు జింత యుండెడిది కాదు. కాని గుడినుండి తొలఁగిన ప్రభుత్వమే బడిలోను న్యాయస్థానములోను మిషనరీల పక్షము వహించుచున్నదని చెన్నపట్టణపు పెద్దలకు దోఁచెను. మార్క్విస్ ఆఫ్ ట్వీడ్‌డేలు గవర్నరుగా నుండిన యా సంవత్సరములలో నీ యనుమానము బలపడెను. తిరుమల మహంతుల చేతికి వచ్చిన మఱుసటి యేఁటనే క్రెసెంటు పుట్టుట కాలస్థితిని దెలుపుచున్నది.

క్రెసెంటు ప్రకటించిన యుద్దేశము హిందువుల స్థితిని బాగుచేయుట. సంపాదకత్వమునకు ఎడ్వర్డు హార్లీ యను ఇంగ్లీషువాఁడు నియమింపఁబడెను. యజమాని తెలుఁగువాఁడు, సంపాదకుఁడు దొర, పత్రిక పేరునకు నెలవంక, పక్షము హిందువులది. ఈ కలగూర నేఁటివారికి వింతగా దోఁచును. కాని ఇంగ్లీషువారి పత్రికాభాషలోని మెలకువలు తెలిసి, చట్టపు హద్దులెఱిఁగి, అధికారులకు వెఱవక వ్రాయఁగలవాఁడు గావలసి యుండెను. అట్టివాని కలమును జీతమిచ్చి సంపాదించుట వర్తకుని తెలివి. పత్రిక పుట్టుకతోడనే ప్రభుత్వమున కిష్టము గాకపోయెను. ఫోర్టు సెంట్ జార్జి గెజిటులో తన ప్రకటనను వేయుమని క్రెసెంటు కోరఁగా, తక్కిన పత్రికల కున్న యా సౌకర్యము దీనికి నిరాకరింపఁబడెను. ఆనాఁడు ప్రకటన గెజిటులోఁ బడుట చందాదారుల సంపాదనకు దగిన దారి. పత్రికను మూయింపకయే దాని గొంతు నొక్కు నుపాయములలో నిది యొకటి.

మొదటి సంవత్సరముననే పెద్దవివాద మెదురయ్యెను. 1845లో ప్రభుత్వము ప్రకటించిన యొక ముసాయిదాచట్టములో మతము మార్చుకొన్న హిందువునకు పిత్రార్జితమున భాగము పోరాదని యొక నిబంధన యుండెను. క్రెసెంటు దానిని దీవ్రముగా ఖండించెను, సభలు జరిగెను, మహజరు పోయెను. నిబంధన యప్పటికి ఆఁగెను గాని 1850లో 21వ చట్టమై మరల వచ్చెను. ఈ వాదములో లక్ష్మీనరసు శెట్టి పక్షమును నేఁటివాఁడు సంపూర్ణముగా సమర్థింపఁజాలఁడు. పిత్రార్జితము శ్రాద్ధకర్మతో ముడివడియున్నదనుట ధర్మశాస్త్రసమ్మతమే; కాని ఆస్తి పోవునను భయముచే మనుజుని మతమున నిలువరింపఁజూచుట న్యాయము గాదు. ప్రభుత్వము జేసిన పని కారణముచే జెడ్డదైనను ఫలముచే మంచిది. పత్రికాధిపతి యెంతటి స్వతంత్రుఁడైనను తన చందాదారుల యాస్తిపాస్తులకు స్వతంత్రుఁడు కాఁడని దీనివలన దెలియుచున్నది.

తరువాతి తగవు తిరునెల్వేలిలో బుట్టెను. 1845లో నచ్చట హిందువులకును గ్రొత్త క్రైస్తవులకును కలహములు జరుగఁగా, హిందువులు పలువురు శిక్షింపఁబడిరి. చెన్నపట్టణపు సదరు అదాలతు వారిలో ననేకుల శిక్షలను రద్దుచేసెను. ప్రభుత్వమున కిది నచ్చలేదు. న్యాయాధిపతులలో నొకఁడైన మాల్కము లూయినునకును ట్వీడ్‌డేలునకును విరోధము ముదిరి, తుదకు లూయిను పదవినుండి తొలఁగింపఁబడెను. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును బాఠ్యగ్రంథముగా బెట్టవలెనను గవర్నరు సూచనయు నా 1846వ సంవత్సరమునందే వచ్చెను. అక్టోబరులో జరిగిన బహిరంగసభకు లక్ష్మీనరసు శెట్టి యగ్రాసనాధిపత్యము వహించెను; వేలకొలఁది చేవ్రాళ్లతో డైరెక్టర్ల సభకు మహజరు వెళ్లెను. బైబిలు సూచనను డైరెక్టర్లు తిరస్కరించిరి. ఇచ్చట హిందువులు గోరినది తమ మతమునకు బ్రత్యేకాదరము గాదు. ప్రభుత్వము మతవిషయమున దటస్థముగా నుండవలె ననుటయే. పిత్రార్జితపు వాదముకంటె నీ వాదము దృఢమైనది, నేఁటికిని నిలువఁదగినది.

క్రెసెంటు తెలుఁగున లేకపోవుట లోపమా యను ప్రశ్న పండితులకు సహజముగా దోఁచును. దాని వ్రాఁతలు దొరల నుద్దేశించినవి. కౌన్సిలులోను లండనులోను జదువఁబడవలెనన్న ఇంగ్లీషు తప్పదు. మఱియొక లాభమును గలదు. 1878 మార్చిలో వచ్చిన దేశభాషాపత్రికల చట్టము దేశభాషల పత్రికలనే బంధించి ఇంగ్లీషు పత్రికలను విడిచిపెట్టినది. ఇంగ్లీషు కొంత కవచమని దానివలన దరువాతివారికి స్పష్టమయ్యెను. నష్టము మాత్రము చిన్నది గాదు. ఏ రైతు కష్టము పత్రికలో బ్రకటింపఁబడుచుండెనో ఆ రైతు దానిని జదువఁజాలఁడు. తన మాట సరిగా వ్రాయఁబడెనో లేదో తెలిసికొను మార్గ మాతనికి లేదు. ఈ లోపమును మహజరు కొంత తీర్చెను. చేవ్రాలు చేయుమన్నపుడు సంగతిని దేశభాషలో జదివి వినిపింపక తప్పదుగదా. పత్రిక దొరలకును, మహజరు ప్రజలకును అభిముఖమై యుండఁగా, రెంటి నడుమ లక్ష్మీనరసు శెట్టి నిలిచెను.

1853లో కుంఫిణీవారి సన్నదు పార్లమెంటులో మార్పు పొందవలసి యుండెను. దానికి ముందుగా దేశమునందలి లోపములు వినిపింపవలెనని కలకత్తాలో బ్రిటిష్ ఇండియను అసోసియేషను 1851లో నేర్పడి, చెన్నపట్టణమున శాఖ గోరెను. 1852 ఫిబ్రవరిలో లక్ష్మీనరసు శెట్టి ప్రభృతు లా శాఖను స్థాపించిరి. ఆ సంవత్సరమునందే కలకత్తావారితో సంబంధము వదలుకొని ‘మద్రాసు నేటివు అసోసియేషను’ అను స్వతంత్రసభగా మార్చిరి. కారణము స్పష్టమే. వంగదేశమున శాశ్వతశిస్తు కింద జమీందారులు. మద్రాసున రైతువారీ పద్ధతి క్రింద బ్రతి రైతును సర్కారు శిస్తు తగులుకొని యుండెను. కలకత్తా మహజరు చిత్తూరు రైతు బాధను దెలుపఁజాలదు. మద్రాసువారి మహజరు శిస్తు భారమును, దానిని వసూలుచేయు తీరును, న్యాయస్థానముల యాలస్యమును, ఉప్పు గుత్తాధికారమును, చెఱువులు, కాలువలు, బాటలు పాడుపడుటను, విద్యకు ధన మీయకపోవుటను వరుసగా నెత్తి చూపెను. గుడి గొడవతో బ్రారంభమైన పత్రిక యెనిమిదేండ్లలో బొలమునకు వచ్చెను. లక్ష్మీనరసు శెట్టి చరిత్రలో నింతకంటె బెద్ద మలుపు లేదు.

1853 తుదిభాగమున ఇండియా సంస్కరణసంఘాధ్యక్షుఁడును బార్లమెంటు సభ్యుఁడును నైన డాన్బీ సేమూరు చెన్నపట్టణమునకు వచ్చెను. లక్ష్మీనరసు శెట్టి యాతనిని సభలలో గూర్చుండఁబెట్టక జిల్లాలకు వెంటఁబెట్టుకొని పోయెను. పార్లమెంటు సభ్యుఁడు కలెక్టరు బంగళాలో దిగి కలెక్టరు చెప్పినది విని మరలుట పరిపాటి. సేమూరు గ్రామములలో రైతులను గలసి, శిస్తు వసూలుకై సర్కారు నౌకరులు శరీరబాధ పెట్టుచున్నారని వారి నోటనే వినెను. 1854 జూలైలో ఆ సంగతి కామన్సు సభలో జర్చకు వచ్చెను. సభలో గొందఱు నమ్మలేదు. విచారణ మాత్రము తప్పలేదు. గవర్నరు హారిసు ప్రభువు 1854 సెప్టెంబరులో ఇలియటు, స్టోక్సు, జాన్ బ్రూసు నార్టను అను మువ్వురితో విచారణసంఘమును నియమించెను. జాన్ బ్రూసు సర్ జాన్ డేవిడ్ నార్టను కుమారుఁడు. మద్రాసు స్థితిగతులను విమర్శించుచు రాబర్టు లో అను నధికారికి బహిరంగలేఖ వ్రాసి యా సంవత్సరమే యచ్చు వేయించినవాఁడు.

1855 ఏప్రిలులో వెలువడిన నివేదిక ప్రకారము సంఘమునకు చేరిన ఫిర్యాదులు మొత్తము 1,959. వీనిలో స్వయముగా వచ్చి చెప్పికొన్నవి 519; వ్రాఁతమూలముగా వచ్చినవి 1,440. ఈ యంకెలను జదువునపుడు నాఁటి ప్రయాణమును దలఁపవలెను. రాయపురమునుండి వాలాజా వఱకు రైలు పడినది 1856లో. 1854లో చంద్రగిరినుండియో పలమనేరునుండియో చెన్నపట్టణమునకు బోవలెనన్న నడకయో, బండియో. పంట పనులు మాని, దారిఖర్చు పెట్టుకొని, మరలి వచ్చిన పిదప నా తహశ్శీలుదారు నెదుటనే బ్రదుకవలసిన రైతు చేయు సాహస మది. 519 అను సంఖ్య తక్కువగా గనఁబడును గాని యా తూఁకమున జూచిన జాల బరువైనది.

ఫిర్యాదులలోని బాధ లెట్టివో చెప్పక తీరదు. శిస్తు బాకీదారుని మిట్టమధ్యాహ్నపు టెండలో నిలువఁబెట్టుట, నడుము వంచి వీఁపుమీఁద ఱాయి యెత్తుట, అన్నమునకు బోనీయకుండుట, ఇవి చిన్నవి. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లనో చేతినో పెట్టి నొక్కునది ‘కిట్టి’. తెలుఁగు జిల్లాలలో దీనినే ‘చిరాట’ యనిరి. మెడకును గాలివ్రేళ్లకును త్రాడు బిగించి వంగిన యొడలు లేవకుండఁ గట్టునది ‘అనుందాళు’. బాకీ పెద్దది గానక్కఱలేదు. కొలఁది రూపాయలకే యీ దండన జరుగుచుండెను. ఈ మాటలు మన నిఘంటువులలో నెందఱి కంటఁ బడినవో కాని, వీని యర్థమును దమ వ్రేళ్లతో నెఱిఁగినవారు నాఁటి గ్రామములలో నుండిరి.

ఇట్టి పద్ధతి సాగుటకు మూలము అధికారముల కలయిక. 1816 నాఁటి నిబంధనలచే గలెక్టరే మేజిస్ట్రేటు. తహశ్శీలుదారే పోలీసు ముఖ్యుఁడు. శిస్తు వసూలు చేయువాఁడే నేరస్థులను బట్టువాఁడు. రైతు ఫిర్యాదు చేయవలసినదియు వాని యొద్దనే. విచారణసంఘము బాధలు జరుగుట వాస్తవమని యంగీకరించి, దోషమును దేశీయులైన చిన్న యుద్యోగులమీఁద మోపి, దొరలకు నందులతో సంబంధము లేదని తీర్మానించెను. ఈ తీర్మానములో సగమే న్యాయము. కిట్టి బిగించిన చేయి మనవానిదే, సందేహము లేదు. కాని యంత శిస్తు వేసి, ఇన్ని దినములలో జమకట్టవలెనని నిర్బంధించి, ఎట్లు వసూలైనదని యడుగనివారి పాలు ఆ నివేదికలో లెక్కకు రాలేదు. మఱి రెండేండ్లకు, 1857 సెప్టెంబరులో, కార్ల్ మార్క్సు న్యూయార్కు డైలీ ట్రిబ్యూను పత్రికలో నీ నివేదిక నెత్తుకొని యా ప్రశ్ననే యడిగెను. చెన్నపట్టణపు వర్తకుఁడు కదలించిన సంగతి యట్లు అమెరికాలోని పాఠకుల యెదుటకు బోయినది.

నివేదిక ఫలము మాటలతో బోలేదు. 1859లో వచ్చిన 24వ చట్టముచే మద్రాసు రాజధానిలో పోలీసుశాఖ రెవెన్యూనుండి వేఱుచేయఁబడి, ప్రత్యేక యధికారుల క్రింద బెట్టఁబడెను. తహశ్శీలుదారు చేతినుండి లాఠీ తొలఁగినది. తరువాతి పోలీసు ఎట్టిదైనది వేఱు కథ. కాని శిస్తు కొఱకు గొట్టు నధికారము చట్టదృష్టిచే నొకచేత నుండి తప్పుట రైతునకు గలిగిన గట్టి లాభము. క్రెసెంటునకు సంబంధించిన యన్ని కార్యములలో, గ్రామము వఱకు దిగివచ్చిన ఫల మిదియే యనవచ్చును.

ఆ తరువాతి చరిత్రను దీర్ఘముగా జెప్పఁబనిలేదు. కుంఫిణీ పాలన తొలఁగి దేశము నేరుగా రాణి యధికారము క్రిందికి రావలెనని యసోసియేషను మహజరులు పంపెను. 1858లో నట్లే జరిగెను, కాని మహజరులవలన గాదు, 1857 నాఁటి తిరుగుబాటువలన. లక్ష్మీనరసు శెట్టికి 1861లో సి. ఎస్. ఐ. బిరుదమును, 1863లో మద్రాసు శాసనసభలో సభ్యత్వమును లభించెను. గెజిటులో బ్రకటనకు జోటీయని ప్రభుత్వమే యిరువదియేండ్ల లోపల సభలో బీఠమిచ్చినది. ఇది ఆతని విజయమా, మెత్తఁబడుటయా యని యడుగవచ్చును. నాఁటి శాసనసభ నియమితులతో గూడినది. సభ్యునికి ప్రశ్నించు నధికారమైనను లేదు. పత్రికలో బలికినంత పదునుగా సభలో బలుకుటకు వీలులేదు. అసోసియేషను కూడ నా కాలమున జల్లఁబడిపోయెను.

ధనమును బోయెను. పత్రికకు అచ్చుకూలి, కాగితము, సంపాదకుని జీతము. మహజరునకు వ్రాయసగాండ్రు, భాషాంతరీకర్తలు, చేవ్రాళ్లకై యూరూర దిరుగు మనుష్యులు, లండనునకు బంపు వ్యయము. ప్రకటనలు ప్రభుత్వము చేతిలోను దొరల వర్తకశాలల చేతిలోను నుండఁగా, అధికారులను విమర్శించు పత్రికకు రాఁబడి యెచ్చటిది? ఇరువదియేండ్ల పైచిలుకు ఈ భారమును వ్యాపారపు లాభమే మోసెను. స్వాతంత్ర్యమునకు మూల మా వ్యాపారమే. దాని బలహీనతయు నదియే. ఒక్కని పెట్టెమీఁద నిలిచిన పత్రిక యా పెట్టె వట్టిదైన నాఁడు నిలువదు. 1868లో లక్ష్మీనరసు శెట్టి పేదవాఁడై మరణించెను.

ఈ బలహీనతను దరువాతితరమువారు గమనించిరి. వారిలో నొకఁడు చిత్తూరువాఁడు. పనప్పాకము అనంతాచార్యులు 1843లో, అనఁగా దిరుమల మహంతుల వశమైన యేఁటనే, చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించి, చెన్నపట్టణమున న్యాయవాదియై ప్రసిద్ధుఁడయ్యెను. 1878లో ముత్తుస్వామయ్యరును హైకోర్టు న్యాయాధిపతిగా నియమించుటను దొరల పత్రికలు నిందింపఁగా, దానికి బ్రత్యుత్తరముగా సెప్టెంబరు 20వ తేదీని ‘హిందూ’ పత్రిక పుట్టెను. స్థాపకులు ఆర్గురు యువకులు. వారిలో రాజమహేంద్రవరపు న్యాపతి సుబ్బారావు పంతులు నుండెను. అప్పు దెచ్చిన రూపాయి పండ్రెండణాలతో ఎనుబది ప్రతులు అచ్చు వేసిరని ప్రతీతి. ధనవంతుని పెట్టె వెనుక లేని పత్రిక యది. చందాదారులను గూర్చుకొని బ్రదుకవలసినది. అనంతాచార్యులు దానికి వ్యాసములు వ్రాసెను.

1884 మే 16వ తేదీని మద్రాసు మహాజనసభ యేర్పడెను. నేటివు అసోసియేషను చల్లారిన పిదప నా స్థానమునకు వచ్చిన సభ యిది. వీరరాఘవాచార్యులు, సుబ్రహ్మణ్యయ్యరు, అనంతాచార్యులు దాని స్థాపకులలో ముఖ్యులు. పట్టణపు పెద్దలే కూడి జిల్లాల పక్షమున మాటలాడు పద్ధతిని మార్చి, జిల్లాలనుండి ప్రతినిధులను బిలిపించి, ఆ 1884 డిసెంబరు చివర నొక సమావేశము జరిపిరి. మఱుసటి డిసెంబరులో బొంబాయిలో గాంగ్రెసు ప్రథమసమావేశము జరిగెను. 1891లో నాగపురమున గాంగ్రెసునకు కట్టమంచి అనంతాచార్యులు అధ్యక్షుఁడయ్యెను.